ముందు చక్రం వణుకుతోందా?

సైకిలుకు వెనకవైపు జబ్బు చేస్తే మనిషిని ఆపేస్తుంది. ముందువైపు చేస్తే పడేస్తుంది. గొలుసు తెగితే దిగి నడిపించుకుంటూ ఇంటికి రావచ్చు గాని, హేండిలు పట్టు తప్పితే అంత తీరిక ఉండదు. అందుచేత పిల్లవాడు వచ్చి "ముందు ఏదో గడగడమంటోంది" అంటే పేపరు పక్కన పెట్టి లేవడం మంచిది.

మా ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు పిల్లలెక్కేవి వెనకటి నల్ల సైకిళ్లు కావు. లావు టైర్లు, ఫోర్కులో స్ప్రింగులు, డిస్కు బ్రేకులు ఉన్న మౌంటెన్ బైకులు. వాటిమీద చెరువుకట్ట దిగుతారు. నాగార్జునసాగర్ రోడ్డుమీద స్పీడు బ్రేకర్లను ఎగిరి దాటుతారు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఈ సైకిలు పుట్టిందే అలాంటి పనికి. 1976లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లమీద కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. కిందికి చేరేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాగి, గ్రీజంతా పొగై పోయేదట. మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది గనక ఆ పందేనికి 'రీప్యాక్' అన్న పేరు నిలిచింది.

మా మేనల్లుడి సైకిలు సంగతి చెబుతాను. ముందు బ్రేకు పడితే చాలు, హేండిలు వణికేది. దుకాణంలో మొదటిసారి బ్రేకు ప్యాడ్లు మార్చారు. వణుకు పోలేదు. రెండోసారి చక్రం బెండు తీశారు. అయినా పోలేదు. మూడోసారి వెళితే ఫోర్కే మార్చాలన్నారు. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఇదే! ఇంటర్ చదివే కుర్రవాడి దగ్గర అంత డబ్బెక్కడిది? "ఇక ముందు బ్రేకు పట్టను మామా, వెనకదానితోనే ఆపుకుంటా" అన్నాడు. నాకు భయం వేసింది ఆ మాటకే. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రంమీదికి వాలుతుంది. సైకిలును ఆపేదాంట్లో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే.

వణుకు చేతికి తెలుస్తుంది గాని, అది ఎక్కడ పుట్టిందో చేతికి తెలియదు. హేండిలు దాకా వచ్చేసరికి అన్ని కదలికలూ ఒకే గడగడ. ఊపిరి ఆడుతుందంటాం, గానుగ ఆడుతుందంటాం. అలాగే సైకిలు కీలు వదులైతే 'ఆడుతోంది' అంటాం. ఆడేది ఏ కీలో తేలకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకూడదు.

మొదట ఇరుసు బిగింపు చూడండి. తరవాత ముందుభాగం ఎత్తి, రిమ్మును పట్టుకుని ఫోర్కు కాళ్లవైపు అటూ ఇటూ నొక్కండి. టకటకమంటే హబ్బులో బేరింగులు వదులన్నమాట.

అక్కడేమీ లేకపోతే హెడ్‌సెట్ చూడాలి. ఫోర్కు కాడ ఫ్రేములోకి దూరేచోట పైనొకటి, కిందొకటి బేరింగులుంటాయే, వాటి పేరది. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేళ్లను పై కప్పుకూ ఫ్రేముకూ మధ్యనున్న సందుమీద ఆనించండి. తరవాత కింది సందుమీద. కదలిక వేళ్లకు తగిలిందా, జబ్బు అక్కడే. తగలకుండా టక్కుమని చప్పుడు మాత్రం వస్తే తొందరపడకండి. ఆ ఊపుకు బ్రేకులో ప్యాడ్లూ కదులుతాయి, స్ప్రింగు ఫోర్కు గొట్టాలూ కాస్త కదులుతాయి. చవక ఫోర్కుల్లో ఆ కొద్దిపాటి కదలిక కొత్తలోనే ఉంటుంది. అనుమానం తీరకపోతే హేండిలు పూర్తిగా పక్కకు తిప్పి, చక్రం అడ్డంగా ఉండగా మళ్లీ ఊపండి. ఇప్పుడు బ్రేకు కదలిక లెక్కలోకి రాదు.

మావాడి సైకిలుకు కింది సందు దగ్గర వేలికి స్పష్టంగా తగిలింది. దీనికి మందు సులువే. కాని చాలామంది హేండిలు స్టెమ్‌కు పక్కనుండే బోల్టులు వదులు చేయకుండానే పై మూత బోల్టును తిప్పుతారు. అలా ఎంత తిప్పినా లాభం లేదు. పక్కవి వదులు చేసి, పైదాన్ని పావుచుట్టు చొప్పున బిగిస్తూ, ఊపి చూస్తూ, కదలిక పోగానే ఆపాలి. హేండిలు చక్రానికి తిన్నగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు పక్కవి బిగించాలి. పది నిమిషాల పని. బలముంది గదా అని బిగించేస్తే అదొక కొత్త జబ్బు. చక్రం పైకెత్తితే హేండిలు తనంతట తాను పక్కకు వాలాలి. నడిమధ్య గాడిలో పడ్డట్టు ఆగితే గోళీలు కప్పులను తినేశాయన్నమాట. అప్పుడు బేరింగులు మార్చవలసిందే.

ఏ కీలూ ఆడకుండా, బ్రేకు పట్టినప్పుడు మాత్రమే వణికితే డిస్కును అనుమానించాలి. అది వంగి ఉండవచ్చు, బ్రేకు బోల్టులు వదులై ఉండవచ్చు. గొలుసుకు కొట్టిన నూనె డిస్కుమీద పడడమూ కద్దు. బ్రేకు పట్టకపోయినా వణికితే, టైరు రిమ్ములో సమంగా కూర్చుందో లేదో చక్రం తిప్పి చూడండి.

ఇవన్నీ చూస్తూ ఫోర్కు మెడ దగ్గర మట్టి తుడిచి చూడడం మరవకండి. అక్కడ వెంట్రుకంత బీట కనిపించినా సైకిలు ఆ క్షణమే మూల పెట్టాలి. వెల్డింగు పెట్టిస్తే సరిపోతుందనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ల మాట వినవద్దు. ఫోర్కు మార్చవలసింది అప్పుడు.