మూగజీవాలకు ఆకాశ దారి

సొంత విమానం, సొంత ఇంధనం, సొంత సెలవు రోజు. అమెరికాలో వేలాది మంది పైలట్లు చావు అంచున ఉన్న కుక్కలను, పిల్లులను కొత్త యజమానుల చెంతకు చేరవేస్తున్నారు. ఈ సేవ సమస్యను తీరుస్తోందా, దాని చిరునామా మారుస్తోందా అన్న చర్చ మాత్రం సాగుతూనే ఉంది.

2024 నవంబర్ 24, ఆదివారం సాయంత్రం. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ పర్వతాల్లో నాలుగు సీట్ల చిన్న విమానం ఒకటి కూలిపోయింది. మేరీలాండ్ నుంచి ఆల్బనీ వెళ్తున్న ఆ విమానంలో ఉన్న మనిషి ఒక్కరే. ఆయన వర్జీనియాకు చెందిన పైలట్. మిగిలిన ప్రయాణికులు మూడు కుక్కలు. పైలట్, ఒక కుక్కపిల్ల అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయారు. సహాయ సిబ్బంది వెళ్లేసరికి ఒక కుక్క కాళ్లు విరిగి పడి ఉంది. మరొకటి మంచులో కూరుకుపోయినా స్వల్ప గాయాలతో బతికి బయటపడింది. షెల్టర్లలో దిక్కులేకుండా పడి ఉన్న ఆ కుక్కలను కొత్త చోటికి చేర్చడానికే ఆయన ఆ రోజు విమానం ఎక్కారు. ఆ పనికి ఆయనకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు. చట్ట ప్రకారం ఇవ్వకూడదు కూడా.

ఆ ప్రమాదంతో, అప్పటిదాకా పెద్దగా బయటి ప్రపంచానికి తెలియని ఒక వ్యవస్థ ఒక్కసారిగా పతాక శీర్షికలకెక్కింది. వారాంతాల్లో అమెరికా ఆకాశంలో తిరిగే చిన్న విమానాల్లో కొన్నింటి వెనుక సీట్లలో మనుషులకు బదులు ప్లాస్టిక్ పెట్టెల్లో కుక్కపిల్లలు, పిల్లులు ఉంటాయన్న సంగతి చాలా మంది అమెరికన్లకే అప్పుడు తెలిసింది.

దీని మూలాలు 2008లో ఉన్నాయి. దక్షిణ కరోలినాలో ఉండే విశ్రాంత నర్సు డెబీ బోయిస్ ఫ్లోరిడాలో ఉన్న ఓ డాబర్‌మన్‌ను దత్తత తీసుకోదలిచారు. దాన్ని తన ఊరికి ఎలా తెచ్చుకోవాలన్నది సమస్య అయింది. టెన్నెసీలోని నాక్స్‌విల్‌లో ఉండే పైలట్ జాన్ వేరన్‌బర్గ్ తన విమానంలో తెచ్చిపెడతానన్నారు. ఇలా రవాణా దొరకక ఆగిపోతున్న జంతువులు ఇంకెన్నో ఉన్నాయని ఆ సందర్భంలోనే ఆయనకు తెలిసింది. విమానం నడపడానికి సాకు కోసం చూసే పైలట్లకు దేశంలో కొదవలేదని ఆయనకు ముందే తెలుసు. ఆ రెంటినీ కలపాలన్న ఆలోచనే 'పైలట్స్ ఎన్ పాస్' సంస్థగా రూపుదిద్దుకుంది. ఈ సంస్థకు సొంత విమానాలు లేవు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ జంతువు వెళ్లాలో రక్షకులు చెబుతారు. వీలున్న పైలట్ ముందుకొస్తారు. ఇద్దరినీ కలపడంతో సంస్థ పని ముగుస్తుంది.

సాకు అన్న మాట ఊరకే అన్నది కాదు. అమెరికన్ పైలట్లలో 'వంద డాలర్ల హాంబర్గర్' అనే సరదా మాట ఒకటుంది. పక్క ఊరి విమానాశ్రయానికి ఎగిరి వెళ్లి, అక్కడ ఓ హాంబర్గర్ తిని తిరిగొస్తే, ఇంధనం ఖర్చుతో కలిపి అది వంద డాలర్లకు తేలుతుందని దాని అర్థం. చేతిలో విమానం ఉంది, లైసెన్సు ఉంది, వెళ్లాల్సిన పనే లేదు. అలాంటివారికి ఈ సేవ ఒక గమ్యం చూపించింది.

అసలు కుక్కలను రాష్ట్రాలు దాటించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అమెరికాలో ఈ విషయంలో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య పెద్ద అగాధమే ఉంది. జార్జియా, టెన్నెసీ, కరోలినాలు, లూసియానా, టెక్సాస్ వంటి రాష్ట్రాల గ్రామీణ ప్రాంతాల్లో పశు వైద్యులు తక్కువ, సంతాన నిరోధక శస్త్రచికిత్సలు తక్కువ. వెచ్చని వాతావరణం కావడంతో ఏడాది పొడవునా ఈతలు ఉంటాయి. స్థానిక ప్రభుత్వాలు నడిపే షెల్టర్లకు నిధులు అరకొరే. చోటు చాలనప్పుడు 'కారుణ్య మరణం' పేరిట ఇంజెక్షన్ ఇవ్వడం అక్కడ ఏళ్ల తరబడి సాగుతున్న ఆనవాయితీ. మరోవైపు న్యూయార్క్, మసాచుసెట్స్ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో దశాబ్దాలుగా శస్త్రచికిత్సలు సక్రమంగా జరగడంతో దత్తతకు కుక్కపిల్లలే దొరకని పరిస్థితి. ఒకచోట మిగులు, మరోచోట కొరత. మధ్యలో వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరం.

ఆ దూరాన్ని వ్యాన్లు, ట్రక్కులు కూడా దాటిస్తున్నాయి. సంఖ్యాపరంగా చూస్తే ఎక్కువ జంతువులు వెళ్తున్నది రోడ్డు మార్గంలోనే. అయితే అట్లాంటా నుంచి న్యూయార్క్‌కు రోడ్డు మీద 1,400 కిలోమీటర్లు. ఆపరేషన్ అయిన కుక్కకో, తల్లిపాలు మరవని పిల్లలకో, వయసు మీదపడిన జంతువుకో ఆ ప్రయాణం నరకమే. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సెస్నా 172 విమానం ఆ బాధను సగానికి పైగా తగ్గిస్తుంది. పెద్ద దూరమైతే రిలే పద్ధతి పాటిస్తారు. ఒక పైలట్ రెండు మూడు గంటలు నడిపి ఏదో చిన్న విమానాశ్రయంలో దించితే, అక్కడ వేచి ఉన్న మరో పైలట్ వాటిని తన విమానంలోకి ఎక్కించుకుంటారు. విమానయాన సంస్థల విమానాలు ఆగేవి సుమారు 500 చోట్లే అయినా, అమెరికాలో ప్రజలు వాడుకోగల విమానాశ్రయాలు దాదాపు 5,000 ఉన్నాయి. ఈ సేవకు వెన్నెముక అవే.

చూడ్డానికి సరదాగా కనిపించినా ఇందులో లెక్కలు చాలా ఉంటాయి. సెస్నా 172లో ఇంధనం నిండుగా నింపితే పైలట్‌తో కలిపి మోయగలిగేది 250 కిలోల లోపే. అందుకే ప్రతి కుక్క బరువూ ముందే తెలియాలి. బరువు ముందుకో వెనక్కో ఎక్కువగా ఒరిగితే విమానం అదుపు తప్పుతుంది. కట్టు తెంచుకున్న కుక్క పైలట్ కాళ్ల దగ్గరి పెడళ్ల మీదికి దూకిందంటే అంతే సంగతులు. కాబట్టి పెట్టెలో పెట్టడమో, పట్టీలతో కట్టేయడమో తప్పనిసరి. ఈ విమానాల్లో చాలావాటికి లోపలి గాలి పీడనాన్ని నియంత్రించే ఏర్పాటు ఉండదు. కాబట్టి మరీ ఎత్తుకు వెళ్లరు. పగ్, బుల్‌డాగ్ లాంటి చట్టి ముక్కు జాతులకు ఊపిరి కష్టమవుతుందని మరింత జాగ్రత్త పడతారు. అయితే ఈ ప్రయాణికులు సాధారణంగా పేచీ పెట్టవు. ఇంజిన్ హోరుకు కాసేపట్లోనే నిద్రలోకి జారుకుంటాయి.

ఖర్చు సంగతి చూద్దాం. సెస్నా 172 గంటకు 32 లీటర్లకు పైగా ఇంధనం తాగుతుంది. రానూపోనూ నాలుగు గంటల ప్రయాణానికి ఇంధనానికే సుమారు 200 డాలర్లు, అంటే 17-18 వేల రూపాయలు అవుతుంది. నిర్వహణ, హ్యాంగర్ అద్దె, బీమా వేరు. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవారు కిరాయికి సరుకు గానీ మనుషులను గానీ మోయరాదన్నది అమెరికా విమానయాన నిబంధన. అందువల్ల ఈ ఖర్చంతా సొంత జేబు నుంచే. స్వచ్ఛంద సంస్థ తరఫున ఎగిరినప్పుడు అయిన ఇంధనం ఖర్చును విరాళంగా చూపి పన్ను మినహాయింపు కోరవచ్చు. దక్కే ఆర్థిక ప్రయోజనం అంతకు మించి లేదు.

పైలట్స్ ఎన్ పాస్ బాటలోనే మరికొన్ని సంస్థలు పుట్టుకొచ్చాయి. 2009లో కాలిఫోర్నియాలో మొదలైన 'వింగ్స్ ఆఫ్ రెస్క్యూ' కిక్కిరిసిన దక్షిణ కాలిఫోర్నియా షెల్టర్ల నుంచి ఉత్తరాన ఉన్న రాష్ట్రాలకు పెద్ద విమానాల్లో పదుల సంఖ్యలో జంతువులను తరలించడం ప్రారంభించింది. 2017లో హార్వీ, ఇర్మా, మరియా తుపాన్లు వరుసగా విరుచుకుపడినప్పుడు టెక్సాస్, ఫ్లోరిడా, ప్యూర్టోరికోల నుంచి జంతువులను ఖాళీ చేయించడంలో ఇలాంటి సంస్థలు కీలక పాత్ర పోషించాయి. వ్యోమింగ్ రాష్ట్రానికి చెందిన ఎముకల శస్త్రవైద్యుడు పీటర్ రార్క్‌ది మరో కథ. 2012లో భార్య హఠాత్తుగా కన్నుమూసిన తర్వాత ఆయన వైద్య వృత్తి వదిలి 'ది డాగ్ ఈజ్ మై కో-పైలట్' అనే సంస్థను నెలకొల్పారు. పశ్చిమ రాష్ట్రాల్లో కుక్కలను, పిల్లులను ఆయనే విమానం నడిపి తరలించారు.

లబ్ధిదారులు కుక్కలు, పిల్లులే కాదు. ఏటా నవంబర్, డిసెంబర్ నెలల్లో మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ తీరానికి చలికి కొయ్యబారిన సముద్ర తాబేళ్లు కొట్టుకొస్తాయి. వీటిలో ఎక్కువ భాగం కెంప్స్ రిడ్లేలు. ప్రపంచంలోని సముద్ర తాబేళ్లలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి ఇదే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లేలకు ఇది దగ్గరి చుట్టం. 2014లో ఒక్క సీజన్‌లోనే 1,200 దాకా తాబేళ్లు అక్కడి ఒడ్డుకు చేరాయి. స్థానిక ఆసుపత్రులు చాలలేదు. ఆ సమయంలో 'టర్టిల్స్ ఫ్లై టూ' పేరిట పైలట్లు వాటిని అరటిపండ్ల అట్టపెట్టెల్లో తువ్వాళ్లు పరిచి దక్షిణాది పునరావాస కేంద్రాలకు తీసుకెళ్లారు. ఆ ఏర్పాటు ఆ తర్వాతా కొనసాగింది.

ఇంత మంచి పనిలో విమర్శకు తావేముంది? ఉంది. మొదటిది ప్రాధాన్యాల ప్రశ్న. ఒక్కో ప్రయాణానికి వెచ్చించే డబ్బుతో దక్షిణాది గ్రామాల్లో శస్త్రచికిత్సలు చేయిస్తే, పుట్టబోయే ఎన్నో కుక్కపిల్లలు అసలు షెల్టర్ ముఖం చూడాల్సిన పని ఉండదన్నది విమర్శకుల వాదన. కొళాయి కట్టకుండా నేల తుడిచినట్లుందని వారి అభ్యంతరం. పైలట్ల పక్షాన జవాబూ ఉంది. ఇంధనానికి పెట్టే డబ్బు ఎలాగూ ఎగరడానికే ఖర్చయ్యేది, అది శస్త్రచికిత్సలకు మళ్లేది కాదు. పైగా రేపు పుట్టబోయేవాటి కోసం ఈ శుక్రవారం ఇంజెక్షన్ పడాల్సిన కుక్కను వదిలేయమనడం ఎలా?

రెండో అభ్యంతరం రోగాలది. దోమల ద్వారా వ్యాపించే గుండె పురుగు వ్యాధి దక్షిణాదిన ఎక్కువ. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లియన్స్ పరిసరాల కుక్కలను దేశం నలుమూలలకు పంపినప్పుడు ఆ వ్యాధి కూడా వాటితో పాటు ప్రయాణించింది. అందుకే రాష్ట్రం దాటే జంతువుకు వైద్య ధ్రువపత్రం అడుగుతారు. మసాచుసెట్స్ అయితే 2005లోనే బయటి నుంచి దత్తతకు వచ్చే కుక్కలను, పిల్లులను 48 గంటల పాటు విడిగా ఉంచాలని ఆదేశించింది. కత్రినా మరో పాఠం కూడా నేర్పింది. పెంపుడు జంతువులను వదిలి రాలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. దాంతో విపత్తు ప్రణాళికల్లో జంతువుల తరలింపును కూడా చేర్చాలంటూ 2006లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది.

మూడోది భద్రత. 2022 నవంబర్‌లో న్యూ ఆర్లియన్స్ నుంచి 50కి పైగా కుక్కలతో బయలుదేరిన అద్దె విమానం విస్కాన్సిన్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో అత్యవసరంగా దిగింది. చెట్లు తగిలి రెక్కలు ఊడిపోయాయి. అదృష్టవశాత్తూ ముగ్గురు మనుషులూ, కుక్కలన్నీ ప్రాణాలతో బయటపడ్డాయి. క్యాట్స్‌కిల్ పైలట్‌కు ఆ అదృష్టం లేకపోయింది. ఒంటి ఇంజిన్ విమానంలో, ఒంటరి పైలట్, చలికాలపు కొండల మీద ఎగరడంలో ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అవతలి ఊళ్లో జనం ఎదురుచూస్తున్నారన్న ఆలోచన, వాతావరణం బాగోలేదని ఆగిపోవాల్సిన పైలట్ మీద ఒత్తిడి పెంచుతుంది. సేవా ప్రయాణాల్లో మొదట నేర్చుకోవాల్సింది 'ఈ రోజు కుదరదు' అని చెప్పడమేనని అనుభవజ్ఞులు హెచ్చరించేది అందుకే.

ఇన్ని వాదోపవాదాల మధ్య అంకెలు కొంత ఊరటనిస్తాయి. అమెరికా షెల్టర్లలో ఏటా చంపుతున్న కుక్కలు, పిల్లుల సంఖ్య 2011లో సుమారు 26 లక్షలని జంతు సంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ అంచనా. 2024లో షెల్టర్లకు 58 లక్షలు చేరగా, 42 లక్షలు దత్తతకు వెళ్లాయి. చంపినవి సుమారు 6 లక్షలు. ఈ తగ్గుదలలో సింహభాగం ఘనత శస్త్రచికిత్సలకు, దత్తత ప్రచారానికి దక్కుతుంది. రవాణాది ఆ తర్వాతి స్థానం, అందులో చిన్న విమానాలది మరీ చిన్న వాటా. ఆ వాటాలోకి వచ్చిన కుక్కకు మాత్రం అది చావుబతుకుల తేడా.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. సొంత విమానం నడుపుకునేవారు ఇక్కడ బహు కొద్దిమంది. అంతకంటే ముఖ్యమైన తేడా చట్టంలో ఉంది. 2001లో వచ్చి 2023లో మారిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఒకచోటి కుక్కలను తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయన్నది దీని వెనుక ఉన్న తర్కం. అంటే అమెరికాలో తరలింపు పరిష్కారంలో భాగమైతే, ఇక్కడి విధానానికి అది విరుద్ధం. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్న సుప్రీంకోర్టు ఆదేశం, అదే నెలలో దానికి చేసిన సవరణ, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలంటూ నవంబర్‌లో ఇచ్చిన మరో ఆదేశం ఈ చర్చను మళ్లీ రాజేశాయి. కుక్కకాటుకు బలయ్యేది ఎక్కువగా పేదలు, వారి పిల్లలు కావడంతో ఇక్కడ ఈ సమస్యకున్న తీవ్రత వేరు.

అయినా ఆకాశ దారి భారతీయ కుక్కలకు పూర్తిగా అపరిచితం కాదు. ఢిల్లీ వీధుల్లో గాయపడ్డ కుక్కలను విదేశాలకు వెళ్లే ప్రయాణికుల వెంట అమెరికా, కెనడాలకు దత్తత పంపిన బృందాలు ఉన్నాయి. రేబిస్ భయంతో ఆ దారి ఇరుకైంది. భారత్ సహా ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి దత్తతకు తెచ్చే కుక్కలను కెనడా 2022 సెప్టెంబర్ 28 నుంచి నిషేధించింది. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు కఠినతరం చేసింది. కుక్క వయసు కనీసం ఆరు నెలలు ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి. మన దేశం నుంచి వెళ్లే కుక్కకు ఇంకా చాలా పత్రాలు కావాలి.

జార్జియా కుక్కను న్యూయార్క్‌కు చేర్చడానికి ఒక పైలట్, ఒక సెలవు రోజు చాలు. ఆ కుక్క తర్వాత అదే షెల్టర్‌కు మరో కుక్క రాకుండా చూడటానికి మాత్రం ఊరికో పశు వైద్యుడు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ఈ రెండో పని జరిగేదాకా మొదటి పనికి పైలట్లు వస్తూనే ఉంటారు. క్యాట్స్‌కిల్ ప్రమాదం తర్వాత కూడా వారు ఆగలేదు.