“ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?”: తిరుత్తణి తెలుగు, రేడియో ఫోన్-ఇన్

శ్రోత ఇంట్లోంచి ఫోను చేస్తాడు, స్టూడియోలో ఉన్న వ్యాఖ్యాత అందుకుంటాడు, వాళ్ళిద్దరి మాటలూ అప్పటికప్పుడే ఊరంతా వింటుంది. ఈ రకం కార్యక్రమానికి తెలుగులో స్థిరమైన పేరింకా కుదరలేదు. ‘ముఖాముఖి’ అందామంటే ముఖాలు కనిపించవు. ‘ప్రత్యక్ష ప్రసారం’ అంటే క్రికెట్టు వ్యాఖ్యానానికీ చెల్లుతుంది. కనుక అందరూ అంటున్నట్టే ఫోన్-ఇన్ అని వ్యవహరిస్తాం. ఇలాంటి కార్యక్రమాల మంచిచెడ్డలను తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు శ్రోత వైపునుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆంధ్ర, తెలంగాణాలకు వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. ఆ శ్రోతకు ఎదురయ్యేది రేపు మీకూ ఎదురుకావచ్చు.

ముందు ఆ రెండు ఊళ్ళకూ ఉన్న తేడా తెలుసుకోవాలి. తిరువళ్ళూరు 1997లో కొత్త జిల్లాకు కేంద్రమయ్యేదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. మద్రాసుకు దగ్గర ఊరు. అక్కడి తెలుగువారు తరతరాలుగా తమిళం మధ్య ఉన్నవారు. తిరుత్తణి కథ వేరు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో అది భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు అందులోనే ఉంది. పటాస్కర్ నిర్ణయం మీద 1959లో చేసిన చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. అంటే తిరుత్తణి పల్లెల్లో తెలుగువారు ఎక్కడికీ వలసపోలేదు, సరిహద్దే వారిని దాటిపోయింది. నగరి, పుత్తూరు నేడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తిరుత్తణి, పళ్ళిపట్టు తమిళనాడులోనూ ఉన్నా, ఇటూ అటూ మరమగ్గాల చప్పుడు ఒకటే, మామిడితోటలూ ఒకటే. మాటతీరులోనూ మొన్నమొన్నటిదాకా పెద్ద భేదం లేదు.

రేడియో తరంగానికి సరిహద్దు రాయి కనిపించదు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ఆరంభమైనప్పుడు తమిళంతోపాటు తెలుగూ ప్రసారమయ్యేది. పిల్లలకు రేడియో అన్నయ్య, అక్కయ్యగా న్యాయపతి దంపతులు పేరుపొందింది అక్కడినుంచే. బాలాంత్రపు రజనీకాంతరావు మొదట పనిచేసిందీ అక్కడే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో కడప కేంద్రం వచ్చాయి. మీడియం వేవ్ రాత్రిపూట చాలా దూరం పోతుంది కనుక ఆ కేంద్రాలు సరిహద్దు పల్లెలకూ వినిపించేవి. ఎఫ్.ఎం. అలా కాదు. దాని తరంగం దాదాపు చూపు పోయినంత దూరమే పోతుంది, కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. తిరుపతివైపు ప్రసారానికీ తిరుత్తణివైపు రేడియోకూ మధ్య నగరి కొండలున్నాయి. ఒక మిట్టమీద స్పష్టంగా వినిపించేది దిగువన గరగరమనడంలో వింత లేదు. ఆకాశవాణి కేంద్రాలు చాలావరకు సెల్‌ఫోను యాప్‌లోకి వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. వినడం తేలికైంది. మాట్లాడడం సంగతి వేరు.

ఫోన్-ఇన్‌కు ముందు శ్రోత గొంతు రేడియోలో వినిపించే సందర్భాలు తక్కువ. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాన్ని అనౌన్సరు తన గొంతుతో, తన ఉచ్చారణతో చదివేవాడు. రాసేవాడు కూడా ఉత్తరమనేసరికి పుస్తకభాషలోకి దిగేవాడు. మాండలికం రేడియోలో వినిపించకపోలేదు. హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాటలను జనం మెచ్చి విన్నారు. కాని అవి కళాకారులు ధరించిన పాత్రలు. పల్లెటూరి మనిషి ఎవరూ రాసివ్వని మాటను తన గొంతుతో తానే ప్రసారంలో పలకడం ప్రధానంగా 1990వ దశకంలో ఫోన్-ఇన్‌లతోనే మొదలైంది. ఈ కార్యక్రమాలను తేలికపాటి కాలక్షేపమని తీసిపారేయడం మాకు సమ్మతం కాకపోవడానికి కారణమిదే.

తిరుత్తణి శ్రోతకు ఈ అవకాశం మరికొంత ఆలస్యంగా అందింది. రాష్ట్రం దాటి ఫోను చేయాలంటే ఎస్.టి.డి. బూతుకు పోవాలి. దూరాన్నిబట్టి మీటరు తిరుగుతుంది. లైను కలిసి, వంతు వచ్చేదాకా ఆగితే, ఒక పాట అడగడానికి ఆ పాట క్యాసెట్టు ఖరీదయ్యేది! 2006 మార్చిలో బి.ఎస్.ఎన్.ఎల్. దేశమంతటికీ నిమిషానికి ఒక రూపాయి పథకం తెచ్చాక ఆ లెక్క మారింది.

ఇక అసలు విషయానికి వస్తాం. ఫోన్-ఇన్ నాణ్యతను ఎలా కొలవాలి? సాధారణంగా వ్యాఖ్యాత గొంతు బాగుందా, గలగలా మాట్లాడుతున్నాడా అని చూస్తారు. మేము మొదటి అర నిమిషాన్ని చూడమంటాం. కింది సంభాషణ ఏ కేంద్రంనుంచీ ఎత్తిరాసింది కాదు, నమూనాగా కూర్చింది. ఐనా ఇలాంటివి వినని శ్రోత ఉండడు.

“హలో, ఎవరండీ? ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?”
“సార్, తిరుత్తణి పక్కన పల్లె సార్. అక్కణ్ణించి మాట్లాడతా ఉండా.”
“తిరుత్తణా? తమిళనాడు నుంచి! అబ్బో, తెలుగు భలే మాట్లాడుతున్నారే!”
“మాది తెలుగే సార్.”
“అలాగా! చాలా సంతోషం. చెప్పండి, చెప్పండి, టైము లేదు...”
“మామిడి చెట్లకు పూతంతా రాలిపోతా ఉండాది సార్...”

వ్యాఖ్యాత అమర్యాదగా ఒక్క మాటా అనలేదు. మెచ్చుకున్నాడు కూడా. కాని ఆ మెప్పు పరాయివాడికి ఇచ్చే మెప్పు. కర్నూలు రైతును “తెలుగు భలే మాట్లాడుతున్నారే” అని ఎవరూ అనరు గదా! మామిడిపూత గురించి అడగడానికి వచ్చిన మనిషి తన పుట్టుకకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఉన్న రెండు నిమిషాల్లో అర నిమిషం అందుకే పోయింది.

ఇందులో వ్యాఖ్యాత స్వభావం కంటె కార్యక్రమం నిర్మాణానిదే ఎక్కువ పాత్ర. లండను రేడియో ఫోన్-ఇన్‌లలో జరిగే వాదాలను సంభాషణ విశ్లేషణ పద్ధతిలో పరిశీలించి ఇయన్ హచ్‌బీ 1996లో ఒక గ్రంథం ప్రకటించారు. అందులో ముఖ్యమైన గమనింపు ఇది: ఫోను చేసినవాడు ముందు మాట్లాడాలి, తన అభిప్రాయం బయటపెట్టాలి. వ్యాఖ్యాతది రెండో వంతు. రెండోవాడు తన అభిప్రాయమేదీ చెప్పకుండానే మొదటివాడి మాటను ప్రశ్నించవచ్చు, తుంచవచ్చు. లైను కట్ చేసే మీటా అతని చేతికిందే ఉంటుంది. మన కార్యక్రమాల్లో వాదాలు తక్కువ. వార్తలు, వర్తమాన రాజకీయాలు ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంతంగా చేసే వీలు లేదు కనుక మిగిలింది సినిమాపాట, ఆరోగ్యం, వ్యవసాయం, పిల్లల చదువు. ఐనా వంతుల అసమానత అలాగే ఉంది. లండనులో అది అభిప్రాయం మీద పనిచేస్తే, మనదగ్గర యాస మీద పనిచేస్తుంది.

యాస సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వ్యాఖ్యాతలే కాదు, తెలుగు విద్యార్థులూ ఇక్కడ పొరబడుతున్నారు. తిరుత్తణి మనిషి ‘వచ్చినాడు’ అంటే, తమిళ సహవాసం వల్ల మాట చెడిందనుకొంటారు. అది నిజం కాదు. ‘వచ్చాడు’ అన్నది కోస్తా వాడుకలో కుదించుకుపోయిన రూపం. ‘వచ్చినాడు’ రాయలసీమ అంతటా ఉన్నది, పాత పుస్తకాల్లోనూ కనిపించేది. ‘మాట్లాడతా ఉండా’, ‘ఉండాది’ అన్నవీ చిత్తూరు జిల్లా మాటలే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి కథలు చదివినవారికి ఇవి కొత్త కావు. ఇటు పులికాట్ సరస్సు తీరపు తెలుగును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో నిలిపారు. ఆ సరస్సులో కొంత భాగం నేటి తిరువళ్ళూరు జిల్లాను ఆనుకొనే ఉంది. అచ్చులో సాహిత్యమని ఆదరించిన మాటనే ఫోనులో వింటే తప్పని నవ్వడం ఏం న్యాయం?

‘అండీ’ గొడవ మరొకటి. కోస్తా మర్యాదకు ‘అండీ’ గుర్తు. చిత్తూరు వైపు పల్లెల్లో దాని వాడకం తక్కువ. అక్కడ గౌరవం ‘సార్’, ‘అన్నా’, ‘అక్కా’, ‘నాయనా’ అన్న పిలుపుల్లో ఉంటుంది. ‘అండీ’ లేని వాక్యం విని మొరటువాడనుకొన్న వ్యాఖ్యాత గొంతు మారుతుంది. ఆ మార్పు ఫోను చేసినవాడికి తెలుస్తుంది. రెండోసారి అతడు ఫోను చేయడు, లేదా ‘అండీ’లు అరువు తెచ్చుకొని వస్తాడు. రెండోది మొదటిదానికంటె పెద్ద నష్టమని మా అభిప్రాయం.

ఫోను యంత్రం కూడా కొంత అన్యాయం చేస్తుంది. మామూలు టెలిఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జుల మధ్య ధ్వనినే మోస్తుంది. ‘స’, ‘శ’ వంటి ఊష్మాల ధ్వనిలో చాలా భాగం అంతకు పైన ఉంటుంది. కనుక పరిచయం లేని ఊరిపేరు ఫోనులో ఒక్కసారికి అర్థం కాదు. దానికితోడు ఇంట్లో రేడియో మోగుతూ ఉంటే ఆ ధ్వని మళ్ళీ ఫోనులోకి వచ్చి కూతపెడుతుంది. “మీ రేడియో తగ్గించండి” అన్న మాట అందుకే. నిపుణుడైన వ్యాఖ్యాత ఊరిపేరు తెలియకపోతే ఇంకోసారి అడుగుతాడు, తెలిసినట్టు నటించడు. ఫోనెత్తే సహాయకులు ముందుగానే పేరూ ఊరూ ప్రశ్నా చీటీమీద రాసి అందిస్తే ప్రసారంలో ఆ విచారణే అక్కర్లేదు. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు, ఒక మనిషీ ఒక పెన్సిలూ చాలు.

పూత రాలిపోతున్న రైతు దగ్గరికి మళ్ళీ వద్దాం. మంచి వ్యాఖ్యాత ఐతే “పూత రాలిపోతా ఉండాదా? చెట్లకు వయసెంత? ఆకులమీద జిగురుగా ఉందా, బూడిద చల్లినట్టుందా?” అని అడుగుతాడు. జిగురైతే తేనెమంచు పురుగు, తెల్లపొడి ఐతే బూడిద తెగులు అని నిపుణుడు అనుమానించడానికి దారి దొరుకుతుంది. గమనించండి, ఇక్కడ వ్యాఖ్యాత రైతు మాటను రైతు మాటగానే తిరిగి పలికాడు. దిద్దలేదు, మెచ్చుకోలేదు, అనుకరించి నవ్వించలేదు.

నిపుణుడి జవాబులో ఇంకొక చిక్కు. “మీ మండల వ్యవసాయాధికారిని కలవండి” అంటాడు. మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చాయి. అప్పటికి తిరుత్తణి అటుపోయి పాతికేళ్ళు. తమిళనాడులో ఉన్నది తాలూకా, ఫిర్కా, పంచాయతీ యూనియను. గ్రామంలో వీఆర్వో లేడు, వీఏఓ ఉంటాడు. భూమి కాగితమంటే పట్టా-చిట్టా. అంటే తెగులు సంగతి తెలుగులో అర్థమైనా, ఆ తరవాత ఏ ఆఫీసు మెట్లెక్కాలో ఆ తెలుగు చెప్పదు. ఇటు మద్రాసువైపు ఎఫ్.ఎం.లలో ఆఫీసుల పేర్లు సరిపోతాయి, భాష తమిళం. చదువుకొన్న కుర్రవాడికి అది అడ్డు కాదు. ఇంట్లో అవ్వకు మోకాలి నొప్పి ఎలా ఉందో ఆమె నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు అడ్డే. ఫోను మనవడి చేతికిపోతుంది, అతడు తమిళంలో చెబుతాడు. ఇలా జరిగిన ప్రతిసారీ అవ్వ మాట ఇంట్లోనే మిగిలిపోతుంది.

దీనికి మార్గం చట్టంలో ఉంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004లో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం సొంత ప్రసారం ఆరంభించింది. 2006 నిబంధనలు స్వచ్ఛంద సంస్థలకూ సముదాయ రేడియో పెట్టుకొనే వీలిచ్చాయి. వంద వాట్ల శక్తి, ముప్ఫై మీటర్ల స్తంభం, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవి, వీలైనంతవరకు స్థానిక భాషలో, యాసలో. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గర మాచునూరులో మొదలైన సంఘం రేడియోను దళిత స్త్రీలు తమ మాటలోనే నడిపారు. తిరుత్తణిలో తెలుగూ తమిళమూ కలిసిన అలాంటి చిన్న కేంద్రానికి నిబంధనల్లో అడ్డేమీ లేదు. పది, పదిహేను కిలోమీటర్ల పరిధిలో “ఎక్కణ్ణుంచి?” అంటే ఏ రాష్ట్రమని అర్థం రాదు, ఏ వీధి, ఏ మగ్గం ఇల్లు అని వస్తుంది. ఐతే పూనుకొనే సంస్థ కావాలి, డబ్బు కావాలి. అక్కడ మేము ఊరికే ఆశలు పెట్టదలచుకోలేదు.

ఈలోగా మన విద్యార్థులు చేయగల పని ఒకటుంది. ఏ తెలుగు ఫోన్-ఇన్ ఐనా గడియారం దగ్గర పెట్టుకొని పది కాల్స్ వినండి. వ్యాఖ్యాత ఎన్ని సెకన్లు మాట్లాడాడు, ఫోను చేసినవారు ఎన్ని సెకన్లు మాట్లాడారు, మాటకు మధ్యలో అడ్డుపడింది ఎవరు, ఎన్నిసార్లు అని రాయండి. ఫోను చేసినవారి మాటను వ్యాఖ్యాత అదే రూపంలో తిరిగి పలికాడా, మార్చి పలికాడా అన్నది వేరే గడిలో గుర్తించండి. పేర్లు, ఫోను నంబర్లు వదిలేయండి, ఊరు చాలు. రాసేటప్పుడు ‘ఉండాది’ని ‘ఉంది’గా సవరించకండి. సందేహముంటే మళ్ళీ వినండి, అప్పటికీ తెలియకపోతే ఆ చోట చుక్కలు పెట్టండి.