రాగి తీగతో రేక నందివర్ధనం

చెవి దుద్దులకు, జడ పిన్నులకు తీగతో పూలు అల్లడం మొదలుపెట్టిన చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటే. రేక సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ వంచుతారు, ఇంకోసారి సర్దుతారు, అంతలో తీగ పుటుక్కున విరుగుతుంది. చేతికి పని రాదని నిరుత్సాహపడతారు. తీగ స్వభావం తెలిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

రాగి గానీ, ఇత్తడి గానీ, వంచిన చోట లోపలి అమరిక చెదిరి గట్టిపడుతుంది. అదే చోట పదేపదే వంచితే పెళుసై తెగుతుంది. కంసాలులు మధ్యలో కాల్చి లోహాన్ని మెత్తబరుస్తారు. రంగుపూత ఉన్న తీగను కాలిస్తే పూత పాడవుతుంది కాబట్టి మనకు ఆ వీలు లేదు. అందుకే ముందు కాగితం మీద పువ్వు గీసుకుని, తర్వాతే తీగ పట్టుకోవాలి.

తీగ మందాన్ని గేజ్‌లో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్) లెక్కలో 22 గేజ్ తీగ సుమారు 0.71 మిల్లీమీటర్లు, 28 గేజ్ సుమారు 0.38 మిల్లీమీటర్లు. మొదటిది రేకలకు, రెండోది కట్టడానికి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీలోనూ ఇలాంటి పని విభజనే కనిపిస్తుంది: చుట్టూ ఆకృతికి మందపు తీగ, లోపల నింపడానికి పేనిన సన్నతీగ. అక్కడ వాటిని టంకం అతికిస్తుంది. ఇక్కడ ఆ బాధ్యత సన్నతీగ చుట్లదే.

అయిదు రేకల నందివర్ధనంతో మొదలుపెట్టండి. 22 గేజ్ తీగ 30 సెంటీమీటర్లు కత్తిరించి, ఒక కొస దగ్గర 5 సెంటీమీటర్లు వదలండి. అక్కడ పెన్సిల్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఆ చుట్టు మొదలు దగ్గర ఒక్క మెలి వేయండి. అది మొదటి రేక. దాని పక్కనే మిగతా నాలుగూ వేసి, రెండు కొసలూ కలిపి మెలిపెడితే పువ్వు గుండ్రంగా ముడుచుకుంటుంది. ఒక్కో రేక కొసను పటకారుతో ఒకేసారి నొక్కి మొన తేల్చండి. రేకలన్నీ ఒకే వైపుకు కొద్దిగా వాల్చండి. నందివర్ధనం పోలిక ఆ వాలులోనే వస్తుంది. చివరగా 28 గేజ్ తీగకు చిన్న పసుపు పూస గుచ్చి నడుమ కూర్చి, రేకల మొదళ్ళ మధ్యగా నాలుగైదు చుట్లు బిగించండి.

ముగింపులో అశ్రద్ధ వద్దు. మిగిలిన కొసలను కత్తిరించి పువ్వు వెనక్కి మడిచి నొక్కాలి. లేకుంటే చర్మాన్ని గీరుతాయి, చీరకు పట్టి దారాలు లాగుతాయి. నికెల్ కలిసిన చవక లోహాలతో కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. చెవి రంధ్రంలోకి వెళ్ళే కొక్కెం మాత్రం మంచి వెండిదే పెట్టండి.

మొదటి పూలు ఖరీదైన తీగతో చేయకండి. మామూలు రాగి తీగ మీద చేయి కుదిరాకే వెండిపూత తీగ కొనండి.