పెట్రోలు పోస్తే చచ్చేది పురుగు కాదు, పంపు

వానాకాలం వరికోతలు అయ్యాక షెడ్డులో పెట్టిన హార్వెస్టర్‌ను యాసంగి కోతలకు బయటికి తీస్తారు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. రెండు మళ్లు కోసేసరికి "బండి గుంజుతలేదు" అంటాడు డ్రైవర్. ఫిల్టర్ విప్పితే కాగితం మడతల నిండా నల్లటి జిగురు. వేళ్ల మధ్య నలిపితే జారుతుంది, డీజిల్‌లో కడిగితే కరగదు, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. మెదక్ చుట్టుపక్కల ట్రాక్టర్, జనరేటర్, డీజిల్ డ్రమ్ము ఉన్నవాళ్లకు ఇదేమీ వింత కాదు. ఆ జిగురు చూడగానే పక్కనున్నవాళ్లు ఇస్తున్న సలహాతోనే వస్తోంది చిక్కు: "డీజిల్‌కు పురుగు పట్టిందన్నా, ఒక లీటర్ పెట్రోలు పొయ్యి, తెల్లారేసరికి సస్తది."

పెట్రోలు లేకపోతే థిన్నరట, అదీ లేకపోతే స్పిరిటట, ఇంట్లో అడుగున మిగిలితే గ్యాసునూనె అయినా సరేనట. ఈ చిట్కా ఎవరు మొదలుపెట్టారో గానీ పంపులు, నాజిళ్లు బాగుచేసే షెడ్లకు మాత్రం మంచి గిరాకీ తెచ్చిపెట్టారు.

ముందు పెట్రోలు సంగతి తేలుద్దాం. మనవాళ్లు పురుగు అంటున్నది కంటికి కనబడని బూజు, బ్యాక్టీరియా. అవి తినేది డీజిల్‌నే గానీ, కాపురం చేసేది డీజిల్‌లో కాదు. ట్యాంకు అడుగున చేరిన నీటిలో, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్యనున్న సన్నటి పొరలో. మరి పెట్రోలు నీటిలో కలుస్తుందా? కలవదు. పైనున్న డీజిల్‌లో కలిసిపోయి ఊరుకుంటుంది. మీరు మందు పోశాననుకున్నది ఒకచోట, రోగం ఉన్నది ఇంకోచోట.

పురుగు చావకపోతే పోయింది, నష్టమేముంది అనుకుంటారేమో. చాలా ఉంది. చాలా పంపుల్లో లోపలి భాగాలకు ఆయిల్ వేరే ఉండదు, పంపు గుండా పోయే డీజిలే వాటికి జారుడునిస్తుంది. పెట్రోలుకు ఆ గుణం లేదు. పాత బండ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాక కామన్ రైల్ ఇంజన్లు పెరిగాయి. వాటిలో డీజిల్‌ను వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో నాజిల్‌లోకి కొడతారు. అంత ఒత్తిడిలో జారుడు తగ్గితే ఇనుము ఇనుమును గీరుకుంటుంది, ఆ రజను పోయి నాజిళ్లలో కూర్చుంటుంది.

నిప్పు సంగతి ఇంకా అన్యాయం. మన దేశంలో అమ్మే డీజిల్ ఆవిరి 35 డిగ్రీల లోపు అంటుకోకూడదని ప్రమాణం. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. ఉత్త పెట్రోలు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి, గాలి చాలక లోపల అంటుకోవడం కష్టం. డీజిల్‌లో కాస్త పెట్రోలు కలిపారా, ట్యాంకులోని ఆవిరి సరిగ్గా అంటుకునే పాళ్లలోకి వచ్చే వీలుంది. ఏప్రిల్ ఎండ, చుట్టూ ఎండుగడ్డి, పక్కనే కాలిపోతున్న సైలెన్సర్. ఇక్కడ ఎవరైనా ప్రయోగాలు చేస్తారా?

గ్యాసునూనె పోసేవాళ్ల అమాయకత్వం చూస్తే నవ్వొస్తుంది. ఈ జిగురు కట్టించే బూజుల్లో పేరుమోసినది హార్మోకోనిస్ రెజినే. దానికి ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న ముద్దుపేరే కిరోసిన్ బూజు. 1950లు, 60ల్లో జెట్ విమానాల రెక్కల్లోని ట్యాంకుల్లో, కిరోసిన్ లాంటి ఇంధనం తాగి పెరిగి, అల్యూమినియాన్ని తినేసి, పైలట్లకు నిద్ర లేకుండా చేసింది అదే. దాని మీద గ్యాసునూనె పోయడమంటే చంపడం కాదు, బోనం పెట్టడం.

స్పిరిట్ పోస్తే అడుగున నీళ్లు మాయమవుతాయి, నిజమే. ఎక్కడికి పోయాయి? స్పిరిట్‌తో కలిసి డీజిల్ వెంటే పంపులోకి పోయాయి. అడుగున కుదురుగా కూర్చున్న నీటిని మీరే పిలిచి నాజిల్ దాకా సాగనంపారు.

ఇక ఫిల్టర్‌లో జిగురు కనబడగానే వచ్చే రెండో మాట: "బంకోడు కల్తీ చేసిండు." ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను, మనసు ఒప్పకపోయినా. కల్తీతో జిగురు పుట్టదు గానీ, బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. వానాకాలంలో మూత సరిగా లేకపోతే నీళ్లు దిగుతాయి, ఆ నీళ్లు మీ డ్రమ్ములోకీ వస్తాయి. అందుకే అక్కడ కొలకర్రకు నీళ్లు కనిపెట్టే పేస్టు రాసి ట్యాంకులో ముంచి చూస్తారు. నీళ్లు తగిలితే పేస్టు రంగు మారుతుంది. అనుమానముంటే ఆ పరీక్ష ముందు చూపించమనండి, సాంద్రత కొలిచి చెప్పమనండి. అడగకుండా బయటికొచ్చి తిట్టుకుంటే లాభం లేదు. అయినా చాలామంది డ్రమ్ముల్లో నీళ్లు బంకువి కావు, వాళ్ల ఇంటి వాకిట్లోవే.

ఎట్లాగంటారా? డ్రమ్మును చెట్టు కింద నిలబెడతారు. వాన పడితే పైమూత మీద, అంచు లోపల నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీలుస్తుంది. బిరడా చుట్టూ నిలిచిన నీళ్లు ఆ పీల్పుతో లోపలికి పోతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు పట్టే చెమ్మ దీనికి అదనం. డీజిల్‌లోనే కిలోకు 200 మిల్లీగ్రాముల దాకా నీరు ఉండొచ్చని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. చల్లబడినప్పుడు అందులోంచి కొంత విడిపోయి అడుగుకు చేరుతుంది. ఈ బూజుకు చెరువు అక్కర్లేదు, దోసెడు నీళ్లు చాలు.

విశాఖ, కాకినాడ మరపడవలవాళ్లకు ఈ బాధ మనకంటే ఎక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలవేట నిషేధం. 61 రోజులు సముద్రపు చెమ్మలో కదలకుండా ఉన్న ట్యాంకు, వేట మొదలయ్యాక అలలకు ఒక్కసారిగా ఊగుతుంది. అడుగున ఉన్నదంతా లేచి ఫిల్టర్‌కు పట్టేస్తుంది, అదీ ఒడ్డు కనబడనంత దూరం పోయాక. మన హార్వెస్టర్ మడి గట్టు దగ్గర ఆగుతుంది. తేడా అంతే.

మిగతా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. 20 శాతం ఇథనాల్ వల్లే జిగురొస్తోందంటారు. ఆ ఇథనాల్ కలిపేది పెట్రోలులో. గంధకం తీసేశాక పురుగు పుట్టిందంటారు. గంధకం మెండుగా ఉన్న రోజుల్లోనూ ఇది ఉండేదే. పైపుకు అయస్కాంతం బిగిస్తే చస్తుందనేవాళ్లను అయస్కాంతం అమ్ముకోనివ్వండి. ఫిల్టర్ మారిస్తే సరిపోతుందంటే, ట్యాంకులో ఉన్నది ఎక్కడికీ పోలేదు, రెండో ఫిల్టర్ కోసం చూస్తోంది.

నిజంగా పురుగేనా అని ముందు తేల్చుకోండి. ట్యాంకు అడుగు డ్రెయిన్ నట్టు వదులు చేసి, మొదట వచ్చినది తెల్ల గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా పెట్టండి. అడుగున నీళ్లు, పైన డీజిల్, మధ్యలో తోలులాంటి మురికి పొర ఉంటే అదే. కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తే బ్యాక్టీరియా బాగా ముదిరినట్టు. నీళ్లే లేకుండా నల్లటి మడ్డి మాత్రం ఉంటే అది డీజిల్ పాతబడి కట్టినది కావచ్చు, దానికి మందు దండగ.

తేలాక మొదటి పని నీళ్లు తీయడం. బాగా పట్టి ఉంటే ట్యాంకు దించి, డీజిల్ తీసేసి, లోపల గోడలు గీకి కడగాల్సిందే. మందు ఆ తర్వాత. సీసా మీద ఇంధనంలో సూక్ష్మజీవులను చంపేదని రాసి ఉండాలి. మైలేజీ పెంచే, నాజిల్ శుభ్రం చేసే సీసాలు ఇందుకు పనికిరావు. సీసా మీది కొలతకు మించి పోయకండి, అది మనుషులకూ విషమే, చేతికి తొడుగులు వేసుకోండి. చచ్చిన బూజు కూడా ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో రెండు ఫిల్టర్లు బండిలో పెట్టుకోండి.

కోతలయ్యాక హార్వెస్టర్‌ను నిలిపేటప్పుడు ట్యాంకు నిండా కొట్టించి, వాటర్ సెపరేటర్ ఖాళీ చేయండి. డ్రమ్మును నీడలో అడ్డంగా పడుకోబెట్టండి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో, డీజిల్‌లో మునిగేలా. తీసిన మురికినీళ్లను మాత్రం మహబూబ్‌నహర్ కాలువలోనో ఊరి చెరువులోనో పారబోయకండి. డబ్బాలో పట్టి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకు అప్పజెప్పండి.