వాకిట్లో వంటిల్లు

ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంటుంది. అయినా స్నానాలకు నీళ్లు కాగాలన్నా, పండక్కి బూరెలు వేగాలన్నా, చుట్టాలొస్తే నాటుకోడి ఉడకాలన్నా వాకిట్లో కట్టెల పొయ్యి వెలగాల్సిందే. జనగామ ఊళ్లలోనైనా, మహబూబాబాద్ తండాల్లోనైనా, భూపాలపల్లి అడవి పల్లెల్లోనైనా ఇదే తంతు.

విచిత్రమేమిటంటే, ఇల్లు కట్టేటప్పుడు టీవీ ఎక్కడ పెట్టాలో నెలరోజులు ఆలోచిస్తాం. బయటి పొయ్యి మాత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ మూడు రాళ్లే! ఎండా, వానా, పొగా అన్నీ ఆడవాళ్ల మీదే. వంట పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆరుబయట పొగ తగ్గుతుంది నిజమే. కానీ పొయ్యి ముందు కూర్చుని ఊదే మనిషికి అంతగా తగ్గదు.

అందుకే ముందు గాలి సంగతి చూడండి. మన దగ్గర వానాకాలంలో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఇంటికి ఆగ్నేయంలో పొయ్యి ఉంటే ఆ నాలుగు నెలలూ పొగ ఇంట్లోకి రాదు. వాస్తు చెప్పేదీ అదే దిక్కు కాబట్టి పెద్దవాళ్లతో పేచీ కూడా ఉండదు! చలికాలంలో తూర్పు, ఈశాన్యం గాలి తిరుగుతుంది. కాబట్టి ఇంటి గోడకు ఆనించి మాత్రం కట్టకండి.

చేతిలో పెద్దగా డబ్బు లేదా? ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి పొయ్యి వేసుకోండి. మూడు రాళ్ల పొయ్యిలో వేడి చాలావరకు గాలికే పోతుంది. చుట్టూ మూసి ఉన్న మట్టి పొయ్యికి కట్టెలు తక్కువ పడతాయి. గాలి వీచే వైపు ఒక వెదురు తడక, దానికి మట్టిపూత. పొయ్యికి మూడు నాలుగు అడుగుల దూరం తప్పనిసరి.

నాలుగు డబ్బులుంటే ఇటుక గట్టు, పైన ఇనుప రేకు. ఇక్కడే మేస్త్రీలు తప్పు చేస్తారు. మంట తగిలే చోట సిమెంటు పెడితే వేడికి పగుళ్లిస్తుంది. అక్కడ ఇటుకలను మట్టితోనే పేర్చమనండి. సిమెంటు రేకు వద్దు, వేడెక్కితే పగిలి ముక్కలు ఎగిరిపడతాయి. పొగగొట్టం వంకర్లు లేకుండా నిటారుగా, కప్పు దాటి పైకి వెళ్లాలి.

దండిగా ఖర్చు పెట్టగలిగితే స్లాబు, గ్రానైటు, సింకు, కుళాయి అన్నీ పెట్టుకోవచ్చు. గ్రానైటు మీద నేరుగా కట్టెల మంట పెడితే అదీ చిట్లుతుంది సుమా! బయట గ్యాస్ కూడా పెట్టుకుంటే సిలిండర్‌ను నిలువుగానే ఉంచి, కట్టెల పొయ్యికి దూరంగా పెట్టండి. గ్యాస్ గాలికన్నా బరువు. లీకయితే నేలబారున పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే అరకు అడుగున కన్నం వదలాలి. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చాలి.

భూపాలపల్లి వాళ్లకు ఇంకో మాట. గనుల ఊరు కదా అని బొగ్గు మీద వంట మొదలుపెట్టకండి. శుద్ధి చేయని బొగ్గును ఇంటి పొయ్యిలో వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

గట్టు ఎత్తు కొలిచేది మాత్రం మేస్త్రీ కాదు. రోజూ వండే మనిషిని అక్కడ నిలబెట్టి, వంగకుండా గిన్నెలో గరిటె తిప్పే ఎత్తు చూసుకోండి. పెద్ద గుండిగలకైతే ఇంకా కిందికి ఉండాలి.