బాలింత రొమ్ములో గడ్డ: చీము పట్టకముందే చూపించుకోండి

బిడ్డ పుట్టి పదిహేను, ఇరవై రోజులయిందనుకోండి. పాలు బాగానే పడుతున్నాయి. ఒకనాటి సాయంత్రం తల్లికి రొమ్ములో ఒక పక్క రాయిలాగా గట్టిగా తగిలింది. తెల్లారేసరికి అక్కడ ఎర్రబడింది, ముట్టుకుంటే వేడిగా ఉంది, బిడ్డ నోరు పెడితే ప్రాణం పోయినట్లుంది. రాత్రికి చలి, జ్వరం. ఇంట్లో పెద్దలు "పాలకు దిష్టి తగిలింది" అంటారు. ఇంకొకరు "పాలు చెడిపోయాయి, బిడ్డకు పట్టకు" అంటారు. మొదటి మాట వల్ల పెద్ద నష్టం లేదు, దిష్టి తీసి ఊరుకుంటారు. రెండో మాటతోనే తల్లికీ, బిడ్డకూ కష్టం మొదలవుతుంది.

అసలు రొమ్ములో జరిగేదేమిటో చూద్దాం. పాలు తయారయ్యే చోటు నుంచి చనుమొన దాకా సన్నని నాళాలు ఉంటాయి. బిడ్డ సరిగా చీకకపోయినా, తల్లి పనిమీద పోయి చాలాసేపు పాలివ్వకపోయినా, బిగుతు రవికె ఒకచోట నొక్కినా పాలు నిలిచిపోతాయి. అక్కడ వాపు వస్తుంది. దీనికి తోడు చనుమొన పగిలి ఉంటే ఆ పగులు లోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. ఎక్కువగా ఈ పని చేసేది స్టెఫిలోకోకస్ అనే క్రిమి. ఇది ఎక్కడి నుంచో రానక్కర్లేదు, మన చర్మం మీద, ముక్కులో మామూలుగానే ఉంటుంది.

క్రిములు చేరగానే రక్తంలోని తెల్లకణాలు వాటిమీదికి పోతాయి. ఎరుపు, వేడి, సలుపు, జ్వరం ఈ పోరాటానికి గుర్తులే. చంకలో బిళ్ల కట్టేది కూడా ఇందుకే. ఈ దశలో వైద్యం చేస్తే చాలామందికి మాత్రలతోనే తగ్గిపోతుంది, కోత అక్కరలేదు.

ఆలస్యమైతే చచ్చిన క్రిములు, చచ్చిన కణాలు, కరిగిన కండ అన్నీ కలిసి చీమవుతాయి. ఆ చీము చుట్టూ శరీరమే ఒక గోడ కడుతుంది. చీము తక్కిన ఒంటికి పాకకుండా ఇది అడ్డుపడుతుంది గాని, దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. గోడ లోపలికి రక్తం పోదు. రక్తం పోని చోటికి మందు కూడా సరిగా పోదు. అందుచేత చీము పట్టిన తర్వాత ఎన్ని మాత్రలు మింగినా, ఎన్ని సూదులు వేయించుకున్నా గడ్డ పూర్తిగా కరగదు. చీము బయటికి తీయవలసిందే.

కనుక "గడ్డ పండనీ, అప్పుడు చూద్దాం" అనే మాట రొమ్ము విషయంలో పనికిరాదు. పండిందంటే అప్పటికే లోపల కొంత కండ పోయినట్లు లెక్క. పైగా రొమ్ములో గడ్డ లోతుగా ఉంటే పైకి మెత్తబడినట్లు తెలియదు. లోపల చీము ఉన్నా పైన చర్మం ఎర్రగా, గట్టిగానే కనిపిస్తుంది.

పోయిన ఏడాది మిరపకోతల రోజుల్లో ఒక బాలింత మా దగ్గరకు తొమ్మిదో రోజున వచ్చింది. మొదట సున్నం, బెల్లం పట్టు వేశారు. చర్మం బొబ్బలెక్కింది. తర్వాత ఉమ్మెత్తాకు వేడిచేసి కట్టారు. పాలు ఎండిపోతే గడ్డ అణుగుతుందని మల్లెపూలు కట్టారు. బిడ్డకు సీసాతో గేదెపాలు మొదలుపెట్టారు. మాకు గడ్డకన్నా ఎక్కువ భయం పెట్టింది ఆ బిడ్డ; విరేచనాలతో కళ్లు లోతుకు పోయాయి. ఇద్దరూ కోలుకున్నారు, కాని తల్లి రెండు వారాలకు పైగా కట్లు కట్టించుకోవలసి వచ్చింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. తీసుకువచ్చే మనిషి లేడు, అంతే.

పట్ల సంగతి వచ్చింది గనుక చెప్పాలి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. ఉమ్మెత్త విషం, అది రాసిన చోట బిడ్డ నోరు పెడుతుంది. గట్టిగా పిసికి గడ్డ కరిగిద్దామని చూస్తే లోపల వాపు ఇంకా పెరుగుతుంది. ఇంట్లో బ్లేడుతో గాని, సూదితో గాని గడ్డను పొడవడం ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పికి చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయండి, వదులైన రవికె తొడగండి. పారాసిటమాల్ మాత్ర బాలింతలు వేసుకోవచ్చు.

ఇక పాల సంగతి. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ పాలు హాని చేయవు. రెండు రొమ్ములూ ఇవ్వవచ్చు. హఠాత్తుగా మానేస్తే పాలు నిలిచి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. నొప్పి భరించలేకపోతే చేత్తో మెల్లగా పిండి తీసివేయండి, బాగున్న రొమ్ము బిడ్డకు ఇస్తూనే ఉండండి. చనుమొన నుంచి చీము వస్తున్నా, కోత చనుమొనకు మరీ దగ్గరగా ఉన్నా, ఆ పక్క పాలు మాత్రం కొన్నాళ్లు పిండి పారబోయాలి. తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే, లేక బిడ్డ నెలలు నిండకుండా పుడితే, డాక్టరును అడిగి ఇవ్వాలి.

ఆస్పత్రికి ఎప్పుడు రావాలి? జ్వరం, చలి వచ్చిన రోజునే రండి. జ్వరం లేకపోయినా ఎరుపు, గట్టిదనం ఒక రోజులో తగ్గకపోతే రండి. మందులు మొదలుపెట్టి రెండు రోజులైనా గుణం కనిపించకపోతే చీము పట్టిందని అనుమానించి మళ్లీ రండి. స్కానింగులో చీము ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. తల్లికి ఆయాసం, మాట తడబడటం, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడం, మూత్రం తగ్గడం కనిపిస్తే విషం రక్తంలోకి పాకిందన్నమాట. అప్పుడు తెల్లవారే దాకా ఆగకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కోత అనగానే భయపడేవారున్నారు. ఇప్పుడు చాలా గడ్డలకు కోత లేకుండా, మొద్దుబారే మందు ఇచ్చి, సూదితో చీము లాగుతారు. రెండు మూడుసార్లు లాగవలసి రావచ్చు. గడ్డ పెద్దదైతే కోసి చీము తీసి, లోపలి నుంచి మానేలా కట్లు కడతారు. గాయం నుంచి కొన్నాళ్లు పాలు కారినా కంగారు పడకండి, అది మానిపోతుంది. ఇచ్చిన మాత్రలు నొప్పి తగ్గినా చివరిదాకా వాడాలి. ఇవన్నీ అయినా గడ్డ మిగిలిపోతే అది వేరే జబ్బు కావచ్చు, తప్పక చూపించాలి.

సిగ్గుతో దాచుకునేవారే ఎక్కువ. ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో చెప్పండి. భర్తలకు ఒక మాట: ఆమె చెప్పకపోయినా జ్వరం మీకు తెలుస్తుంది. "ఏమిటి?" అని అడగండి. ఒక పూట పని పోయినా మీరే తీసుకురండి.

ఈ గడ్డకూ కుటుంబ నియంత్రణకూ సంబంధం ఉంది. కాన్పు తర్వాత ఇంకా ముట్టు రాక, బిడ్డకు ఆరు నెలలు నిండక, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తున్నంత కాలం మళ్లీ గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. గడ్డ వల్ల పాలు మానిపిస్తే ఆ రక్షణ పోతుంది. ముట్టు రాకముందే గర్భం నిలవవచ్చు. కనుక వెంటనే నిరోధ్ వాడండి. పాలిచ్చే తల్లులకు ఛాయ మాత్రలు, కాపర్-టి, కాన్పయిన ఆరు వారాల తర్వాత అంతరా సూది పనికివస్తాయి. మాలా-ఎన్ మాత్రలు పాలిచ్చే తల్లులు ఆరు నెలల లోపు వాడకూడదు. ఇక పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకునేవారికి జ్వరం, చీము తగ్గాకనే చేస్తారు.

వచ్చేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, అంతకుముందు వాడిన మందుల చీటీలు తెండి. బిడ్డను ఇంటి దగ్గర వదిలి రావద్దు. చనుమొన ఒక్కటే కాక, చుట్టూ ఉండే నల్లని భాగం కూడా బిడ్డ నోట్లోకి పోతున్నదో లేదో నర్సమ్మ చూసి సరిచేస్తుంది.