నలువదియేండ్ల ఛాత్రోపాధ్యాయులు

“రెండో తరగతి గుంటలకి కూడికలు చెప్పడానికి రెండేళ్ళ ట్రైనింగేటండీ?” అని మా శ్రీకాకుళపు ప్రాంతమున అడుగనివారు అరుదు. ఆ ట్రైనింగునకు బయలుదేరినది ముప్పదియెనిమిదేండ్ల గృహిణియో, నలువది దాటిన ప్రైవేటు బడి మాస్టరో అయినచో “ఈ వయసులో చదువేటి?” అను రెండవ ప్రశ్నయు దానిని వెన్నంటియే వచ్చును. పెండ్లిపందిళ్ళలోను, బస్సులలోను, తుదకు చదువుకొన్న పెద్దల నోటను ఈ రెండు ప్రశ్నలను పదేపదే విని విసిగి, రెంటికిని ఒక్కచోటనే సమాధానము చెప్పుట మేలని తలచితిని. ఏలయన ఇవి రెండును ఒకే భ్రాంతినుండి పుట్టినవి. తెలిసినవానికి చెప్పుట దానంతట అదే అబ్బునని మొదటివారి నమ్మకము. నేర్చుట యౌవనముతోనే ముగియునని రెండవవారి నమ్మకము. ఇరువురి దృష్టిలోను చదువనగా విషయసంగ్రహము మాత్రమే; ఆ విషయము ఒకరి మనస్సులో ఎట్లు రూపుకట్టునో, ఎచ్చట చిక్కుపడునో అను విచారణకు వారి లెక్కలో చోటులేదు.

వ్యవస్థ సంగతి ముక్తసరిగా చెప్పి ముందునకు పోయెదను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ ఏర్పడెను. దీనినే అందరును ‘డైట్’ అందురు. శ్రీకాకుళము జిల్లాకు అది గార మండలమందలి వమరవల్లిలో, విజయనగరము జిల్లాకు నెల్లిమర్లలో ఉన్నది. ఇంటర్మీడియట్ పిదప రెండేండ్ల డి.ఎల్.ఎడ్.; డిగ్రీ పిదప బి.ఎడ్. ఈ బి.ఎడ్. ఒకప్పుడు ఏడాది చదువు, 2015 నుండి రెండేండ్లు. ప్రవేశపరీక్షలకు కనిష్ఠ వయస్సే గాని గరిష్ఠ వయస్సు లేదు. ఉద్యోగమునకు మాత్రము ఉన్నది: 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ అను ఉపాధ్యాయ నియామకపరీక్ష ప్రకటన వెలువడినప్పుడు సాధారణ అభ్యర్థులకు 44 ఏండ్లు, రిజర్వేషనుగల వర్గములకు మరి ఐదేండ్లు హద్దుగా నిర్ణయించిరి. కావున నలువదవ యేట పలక పట్టినవారిని చూచి నవ్వువారు ప్రభుత్వ నిబంధనలను చదువనివారని నిశ్చయింపవచ్చును.

ఇట్టివారి దినచర్య ఎరిగినవారికి నవ్వు రాదు. ఆమదాలవలస వైపునుండియో, నరసన్నపేట వైపునుండియో వచ్చు ఇల్లాలు తెల్లవారకమున్నే లేచి వంట ముగించి, పిల్లల క్యారేజీలు సర్ది, పాలకేంద్రమునకు పాలుపోసి, మొదటి బస్సులో కిటికీప్రక్క చోటు దొరకినచో మనోవిజ్ఞానశాస్త్రపు నోట్సు తెరచును. తరగతిలో ఇరువదేండ్ల తోటి విద్యార్థినులు ‘అక్కా’ అని పిలిచి తమ చార్టుమీద అక్షరములు వ్రాయింతురు. లెక్చరరు ఒక్కొక్కప్పుడు తనకన్న పదేండ్లు చిన్న. ఆయన ‘మీరు’ అని మన్నించుచునే తప్పులు దిద్దవలె, ఈమె ‘సార్’ అనుచునే దిద్దించుకొనవలె. సాయంకాలము ట్యూషను పిల్లలు. రాత్రి, ఇల్లు నిద్రించిన పిదప, రికార్డులు. ఈ రికార్డులను గూర్చి నాకు సదభిప్రాయము లేదు. పాఠ్యపథకమును ఆలోచించి వ్రాయుట విద్య; దానికి నాలుగు రంగుల స్కెచ్చిపెన్నులతో హద్దుగీతలు దిద్దుట కాలహరణము. ఆ పెన్నులను ఉదయము ఆ ఇల్లాలి కూతురు వెదకికొనుననియు, తల్లీకూతుళ్ళు ఒకే పెన్నులపెట్టెకై తగవులాడుదురనియు వినుటకు ముచ్చటగానే ఉండును గాని, ఆ గంటలో ఆమె మరియొక పాఠమును మననము చేసికొనగలిగి యుండెడిది.

ఇక అసలు విషయము. పిల్లలకు ‘మూడువందల ఐదు’ అని చెప్పి అంకెలలో వ్రాయుమనుడు. కొందరు 305 అని సరిగా వ్రాయుదురు. ఒకడు 35 అని వ్రాయును. మరియొకతె 3005 అని వ్రాయును. శిక్షణలేని పండితుడు ఈ ఇద్దరికిని ఒకే ఎఱ్ఱసిరా గుర్తు పెట్టి, సరియైన జవాబు నల్లబల్లమీద వ్రాసి, పదిసార్లు వ్రాయుమని ఆజ్ఞాపించి కుర్చీలో కూర్చుండును. కాని ఈ రెండు తప్పులును ఒక్కటి కావు. 35 అని వ్రాసినవాడు తాను విన్న అంకెలను విన్నట్లే ప్రక్కప్రక్కన పెట్టినాడు. మాటలో సున్న వినబడలేదు గనుక వ్రాతలోను పెట్టలేదు. ఖాళీ స్థానమునకు కూడ ఒక గుర్తు కావలెనను సంగతి వానికింకను తెలియదు. 3005 అని వ్రాసిన బాలిక వానికంటె ఒక మెట్టు పైన ఉన్నది. మూడువందలు అనగా 300 అని ఆమెకు నిశ్చయముగా తెలియును. ఐదు అనగా 5 అనియు తెలియును. మాటలో ఒకదాని తరువాత నొకటి వచ్చినవి గనుక కాగితముమీదను ఒకదాని ప్రక్క నొకటి పెట్టినది. మాటలాడు రీతిని బట్టి చూచినచో ఆమె తర్కమున దోషము లేదు. వ్రాతలోమాత్రము ఆ ఐదు, మూడువందల చివరి సున్న ఉన్న చోటనే పోయి కూర్చుండవలెనను ఏర్పాటు ఆమెకెవరును చూపలేదు.

రోగము వేరైనప్పుడు మందును వేరే. మొదటివానికి పుల్లలు పదేసి కట్టలుగా, ఆ కట్టలు పదేసి మోపులుగా కట్టించి, మూడు మోపులును ఐదు విడిపుల్లలును బల్లమీద పెట్టించి, నడుమ కట్టల చోటు ఖాళీగా ఉన్నదని వాని కంటనే పట్టింపవలెను. ఆ బాలికకు పుల్లలతో పనిలేదు. ఒక వెడల్పైన అట్టముక్కపై 300 అనియు, దానిలో మూడవవంతు వెడల్పుగల ముక్కపై 5 అనియు వ్రాసి యిచ్చి, రెండవదానిని మొదటిదాని కుడికొనపై, సున్నను కప్పునట్లు, ఆమె చేతనే పెట్టించినచో 305 కంటికి కనబడును. పైముక్క ఎత్తినచో దాగియున్న సున్న మరల బయటపడును. పట్టుమని పది నిమిషముల పని. అయితే ఆ పది నిమిషములకు ముందు, 3005 అను తప్పులో ఒక సహేతుకమైన ఆలోచన దాగియున్నదని గ్రహింపగల దృష్టి కావలెను. ఈ దృష్టి గణితపాండిత్యము వలన రాదు. పైగా పాండిత్యము ముదిరినకొలది, ఒకప్పుడు తానెట్లు తడబడెనో మనుష్యుడు మరచిపోవును. విషయజ్ఞానమునకును బోధనానైపుణ్యమునకును నడుమ ఇట్టి మూడవ జ్ఞానమొకటి గలదని 1986లో అమెరికా పండితుడు లీ షుల్మన్ స్పష్టముగా ప్రతిపాదించిన తరువాత ప్రపంచమందలి శిక్షణ కళాశాలలు పెక్కు దానిని అంగీకరించినవి. మన కిళ్ళీబడ్డీ యొద్ద చర్చించువారు మాత్రము ఇంకను అంగీకరింపలేదు.

ఈ దృష్టిని అభ్యసింపజేయు సాధనములలో సూక్ష్మబోధన ముఖ్యమైనది. 1963 ప్రాంతమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డ్వైట్ ఆలెన్ మొదలగువారు దీనిని రూపొందించిరి. మన దేశమందలి పద్ధతి ప్రకారము ఒక ఆవృత్తమునకు 36 నిమిషములు: ఆరు నిమిషములు పాఠము, ఆరు నిమిషములు విమర్శ, పండ్రెండు నిమిషములలో పథకము తిరుగవ్రాయుట, మరల ఆరు పాఠము, ఆరు విమర్శ. ఒక్క ఆవృత్తమున ఒక్కటే నైపుణ్యము: ప్రశ్నించుటయో, ఉదాహరించుటయో, నల్లబల్ల వాడుటయో. దీనిని తలచినప్పుడెల్ల నాకు పొందూరు ఖద్దరు జ్ఞప్తికి వచ్చును. అచ్చటి స్త్రీలు ప్రత్తిని కొనివచ్చి నేరుగా రాట్నమునకు ఎక్కింపరు. వాలుగచేప దవడ ఎముకతో దూదిని దువ్వి నలుసు తీయుట ఒక పని, గింజ వేరుచేయుట ఒక పని, వింటినారితో ఏకుట ఒక పని, ఏకులు చుట్టి ఎండిన అరటిబోదెలో భద్రపరచుట ఒక పని, అటుపిమ్మటనే వడకుట. ఏ పనికి ఆ పనియే సంపూర్ణముగా జరిగిననే నూరవ నంబరు నూలు వచ్చును. సూక్ష్మబోధనయందును ప్రశ్నించుట దువ్వుట వంటిది, ఉదాహరించుట ఏకుట వంటిది. ఛాత్రోపాధ్యాయుని తొందర నలుసు, అతని ప్రగల్భము గింజ. విమర్శించు సహపాఠి ఆ చేప దవడ — పండ్లు సన్నముగా, దగ్గరదగ్గరగా ఉండవలె గాని దూదిని చింపరాదు. అరటిబోదె దేనికి పోలునని అడిగినచో రికార్డు పుస్తకమునకని చెప్పవలసి వచ్చును. కాని దానిని నేనింతకుముందే దూషించితిని గనుక ఈ పోలిక ఇచ్చట ఆపెదను.

ఆ విమర్శలో పెద్దవయసువారు తరచుగా వినుమాట ఒకటి గలదు: “అక్కా, ప్రశ్న అడిగి, జవాబు కూడ నువ్వే చెప్పీసినావు.” ఇది చిన్నతప్పు కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి 1970లలో తరగతిగదుల సంభాషణలను పరిశీలింపగా, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన పిదప పిల్లల జవాబునకై నిరీక్షించుచున్నది ఇంచుమించు ఒక్క సెకండు మాత్రమే అని తేలినది. దానిని మూడు సెకండ్లకు పెంచిన మాత్రముననే జవాబులు దీర్ఘమైనవి, మౌనముగా ఉండువారును నోరు తెరచిరి. మూడు సెకండ్లు ఊరకుండుట మాటకారికి తపస్సు. ఇంటిలో పిల్లలచేత పనులు చేయించి చేయించి, అడిగినదానికి వెంటనే బదులు రావలెనను అలవాటు పడిన తల్లికి అది మరింత కష్టము. అయినను ఆకలికిని అలుకకును భేదమెరిగి పిల్లవాని ముఖము చదువగలది ఆమెయే. హెర్బార్టు పేర వ్యాపించిన పాఠబోధన పంచసోపానములు, పియాజే చెప్పిన శిశువికాస దశలు మొదలగువానిని ఏ గైడులోనైనను చూచుకొనవచ్చును. ముఖము చదువుట గైడులో లేదు.

జ్ఞాపకశక్తి మాట కూడ చెప్పవలెను. నలువది దాటినవారు సరస్వతీ లేహ్యములు సేవించుచు, అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదములయొద్ద హాల్‌టికెట్టు పెట్టించుచు, రాహుకాలము దాటిన పిదపగాని పుస్తకము తెరువక బాధపడుచున్నారు. స్వామికి నమస్కరించుట మంచిదే. కాని ప్రత్యక్షభాస్కరునకు సమర్పింపదగినది ఆయన వెలుతురులో చదివిన ఒక గంట. అర్థరహితమైన శబ్దములను కంఠస్థము చేసి తనమీదనే ప్రయోగములు జరిపిన ఎబ్బింగ్‌హౌస్, మరపు మొదటి గంటలోనే అతివేగముగా పనిచేయునని 1885లోనే చూపెను. కావున చదివినదానిని ఆ సాయంకాలమే పుస్తకము మూసి ఒకమారు, రెండుదినముల పిదప ఒకమారు, వారము పిదప ఒకమారు తలచుకొనుటకంటె వేరు లేహ్యము లేదు. ఇక టెట్ అను ఉపాధ్యాయ అర్హతపరీక్షకు చదువు మన అభ్యర్థులందరును థార్నడైక్ పేరు విని, పెట్టెలో పిల్లిని ఉంచి ఆయన జరిపిన అభ్యసనప్రయోగమును వల్లించెదరు గదా! ఆ థార్నడైకే 1928లో, తన ఏబదినాలుగవ యేట, వయోజనుల అభ్యసనమును గూర్చి సహచరులతో కలసి గ్రంథము ప్రకటించి, పెద్దలకు చదువు రాదనుట నిరాధారమనియు, వయస్సుతో వచ్చు తరుగుదల స్వల్పమనియు నిరూపించెను. పిల్లి పరీక్షలో వచ్చును, ఈ గ్రంథము రాదు.

ఉపాధ్యాయత్వమునకు తోడుగా చదువును సాగించినవారు మనకు క్రొత్తకాదు. వంశధారాతీరమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులై, ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి బి.ఏ. పరీక్ష నెగ్గిరి. నాకాయనయం దున్న గౌరవమునకు కారణము ఆ పట్టము గాదు. కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, మొదట తాను వారికి విద్యార్థియై, తెలుగుతో ఏ చుట్టరికమును లేని ముండా కుటుంబపు భాషను నోటనోట నేర్చి, వాచకములు వ్రాసి, బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు ఆంగ్లమున వ్యాకరణము ప్రకటించిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి మందగించినను ఆ పని మానలేదు. నేటికిని సీతంపేట కొండలకు అభ్యాసమునకు పోవు ఛాత్రోపాధ్యాయుడు, పిల్లవాడు పలుకనిది మొద్దుతనము వలననా, ఇంటిభాష వేరగుట వలననా అని మొట్టమొదట విచారింపవలసియున్నది. ఆ విచారణకు దారి వేసినవారు మన జిల్లావారే. వాడుకభాషకై జీవితమర్పించిన ఆ మహనీయుని గూర్చి ఈ శైలిలో వ్రాయుచున్నందుకు వారి అభిమానులు కోపింతురేమో; నా కలమునకు పట్టిన అలవాటును మన్నింతురుగాక.

శిక్షణ చివరిభాగము ఇంటర్న్‌షిప్పు. బి.ఎడ్.నందు రెండేండ్లకు కలిపి 20 వారములు నిజమైన పిల్లల యెదుట నిలువవలెను. సూక్ష్మబోధనలో మూడవ తరగతి పిల్లలుగా నటించిన తోటివారు పొరపాటునైనను 3005 వ్రాయరు, ఇచ్చట వ్రాయుదురు. పథకములో పది నిమిషములని వ్రాసినది పీరియడంతయు మ్రింగును. మధ్యాహ్నభోజనపు గంట కొట్టినచో మూల్యాంకనము రేపటికి వాయిదా. పెద్దవయసువారు ఈ అవస్థకు కుర్రవారికన్న తక్కువ బెదరుట నేను గమనించితిని. అనుకొన్నట్లు జరుగని దినములు వారికి అలవాటే.

ఆ తరువాత టెట్. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అందు శిశువికాసమునకు 30 మార్కులు. డీఎస్సీలో దీనికి ఇరువదిశాతము వెయిటేజీ. బి.ఎడ్. చదివినవారు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గనుక, చిన్నపిల్లలకు చెప్పగోరువారు డి.ఎల్.ఎడ్.నే ఎన్నుకొనవలెను, చేరిన పిదప తెలిసికొని విచారించుటకంటె ముందే అడుగుట మంచిది. 2025 సెప్టెంబరు 1న అదే న్యాయస్థానము మరియొక మాట చెప్పినది: ఇప్పటికే కొలువులోనుండి, పదవీవిరమణకు ఐదేండ్లకు పైగా వ్యవధి ఉన్న ఉపాధ్యాయులును రెండేండ్లలోపల టెట్ నెగ్గవలెను. అనగా “ఈ వయసులో చదువేటి?” అని నవ్విన పెద్ద మాస్టర్లు పెక్కురు ఇప్పుడు తామును అభ్యర్థులైనారు. వారికి నా మనవి యొక్కటే: మీ వీధిలో శిక్షణ పొందుచున్న ఇల్లాలు ఉన్నచో, సైకాలజీ నోట్సు ఆమెను అడుగుడు, అది శుభ్రముగా, నాలుగు రంగులలో, సిద్ధముగా ఉండును.